సగం ధరకు ఆరు మిషన్లు, తొమ్మిది రూపాయల వడ్డీకి అప్పు

ప్రశ్న: నా వయసు 34. మాది ఖమ్మం దగ్గర పల్లె. హైదరాబాద్‌లో కార్పెంటర్ పని చేస్తాను, ఎక్కువగా ఫ్లాట్ల ఇంటీరియర్. రోజుకు 1,200 చొప్పున నెలకు ఇరవై రోజులు పని దొరుకుతుంది. నా భార్య కుట్టుపని మీద 4,500 దాకా తెస్తుంది. ఇద్దరు పిల్లలు. అద్దెతో కలిపి ఖర్చు 21,000, ఊళ్లో అమ్మానాన్నలకు 3,000 పంపుతాను. బ్యాంకులో 38,000 ఉన్నాయి. ఇప్పటిదాకా మేస్త్రి మిషన్లతోనే పని చేశాను. నాకంటూ పాత కరెంటు డ్రిల్, ఒక మార్బుల్ కట్టర్ ఉన్నాయంతే. ఇకపై చిన్న కాంట్రాక్టులు సొంతంగా పట్టాలని ఉంది. ఆన్‌లైన్ సేల్‌లో బ్యాటరీ డ్రిల్, గ్రైండర్, జిగ్‌సా, చిత్రిక పట్టే ప్లేనర్, గాడులు తీసే రూటర్, నున్నగా రుద్దే సాండర్ కలిపి, పైన 108 పీసుల బిట్ల పెట్టె, అన్నీ 27,999కి ఇస్తున్నారు. ఎమ్మార్పీ 58,000. ఆదివారం రాత్రితో ఆఫర్ అయిపోతుంది. బ్యాంకులోంచి 10,000 తీసి, మిగతాది ఒక లోన్ యాప్‌లో తీసుకుంటాను. 20,000కు నెలకు మూడున్నర శాతమే వడ్డీ, ఆరు నెలల్లో తీర్చాలి. ఫీజులు పోను చేతికి 18,200 వస్తాయి. కొనమంటారా సార్?

జవాబు: వద్దు. సొంత మిషన్లు వద్దనడం లేదు. ఈ కాంబో, ఈ ఆదివారం, ఈ అప్పుతో వద్దంటున్నాను.

మీ ఉత్తరాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. టైలర్లు, ఏసీ మెకానిక్‌లు, ప్లంబర్లు నాకు రాసే ఉత్తరాల్లో మిషన్ పేరు మారుతుంది గానీ లెక్క మారదు. "58 వేలది 28 వేలకే వస్తోంది, 30 వేలు మిగులుతాయి" అంటారు. ఎక్కడ మిగులుతాయండీ? ఆ 58 వేలు మీ జేబులో ఎన్నడూ లేవు. పెట్టె మీద ఆ అంకె వేసుకున్నది అమ్ముకునేవాళ్లే. ఆ ధర పెట్టి కొన్న మనిషిని ఒక్కడిని నాకు చూపించండి. ఇక ఆఫర్ పోతే మళ్లీ రాదన్న టెన్షన్ కూడా అక్కర్లేదు. ఆగస్టు 15కు ఒకటి, దసరా దీపావళికి ఒకటి, జనవరి 26కు ఒకటి, ఏటా వస్తూనే ఉంటాయి. పండగలు ఆగితే గానీ ఇవి ఆగవు.

అప్పు సంగతి ముందు తేల్చేద్దాం, దీని దగ్గర నాకు ఓపిక తక్కువ. మూడున్నర శాతమే అన్నారు. 20,000 మీద ఆరు నెలలకు వడ్డీ 4,200. మొత్తం 24,200, నెలకు 4,033 కిస్తీ. కానీ మీ చేతికొచ్చేది 18,200. పైగా మీరు నెలనెలా అసలు తీరుస్తూ పోతున్నా వాళ్లు మాత్రం ఆరు నెలలూ 20,000 మీదే వడ్డీ లెక్క కడుతున్నారు. తగ్గుతున్న బాకీ మీద సరిగ్గా లెక్కేస్తే ఇది నూటికి నెలకు ఎనిమిది రూపాయల ఎనభై పైసలు. మీ ఊళ్లో ఎవరైనా ఐదు రూపాయల వడ్డీ అంటేనే మీరు చెప్పులేసుకుని వచ్చేస్తారు. ఫోన్‌లో అడిగితే మాత్రం ఓటీపీ కొట్టేస్తారు! అప్పు ఇచ్చేముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితం చూపించాలని రిజర్వు బ్యాంకు నిబంధన. అందులో ఏపీఆర్ అని ఒక గడి ఉంటుంది, అంటే ఫీజులు కూడా కలిపి ఏడాదికి పడే అసలు వడ్డీ శాతం. మీరు చెప్పిన అప్పుకు అక్కడ వంద దాటిన అంకె ఉండాలి. అసలు ఆ కాగితమే చూపించకపోతే యాప్ తీసేయండి, ఇంకేమీ ఆలోచించకండి.

ఇంకో మాట. మీ రాబడి 28,500, ఖర్చు 24,000. నెలకు 4,500 మిగులుతున్నాయి. కిస్తీ 4,033. అంటే ఆరు నెలల పాటు మీ కుటుంబం మొత్తానికి నెలకు 467 రూపాయల వెసులుబాటు. పిల్లవాడికి జ్వరం వస్తే రక్తపరీక్షలకు కూడా చాలదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నన్ను ఎప్పటినుంచో చదువుతున్నవాళ్లు "మొదలుపెట్టాడు మళ్లీ" అనుకోవచ్చు, అనుకోనివ్వండి. బ్యాంకులో ఉన్న 38,000 మీకు పెట్టుబడిలా కనిపిస్తోంది. నాకు 47 రోజుల్లా కనిపిస్తోంది. మీ ఖర్చు రోజుకు 800. పని ఆగిపోతే మీ ఇల్లు 47 రోజులు నడుస్తుంది. అందులోంచి 10,000 తీస్తే 35 రోజులు. ఆ పైన కిస్తీ కూడా కట్టాలి కాబట్టి సరిగ్గా ఒక్క నెల. ముప్పై ఒకటో రోజు ఏం చేస్తారు? మళ్లీ అదే యాప్ తెరుస్తారు.

పని ఎందుకు ఆగుతుందని అడగకండి, మీ పని సంగతి నాకంటే మీకే తెలుసు. ఆషాఢంలో గృహప్రవేశాలుండవు. మూఢం వస్తే ముహూర్తాలుండవు. ముహూర్తం లేనప్పుడు ఓనరుకు ఇంటీరియర్ తొందర ఉండదు. నెల జీతగాడికి ఈ బాధ లేదు. మీకు ప్రతి ఏడూ ఉంది. పైగా రేపు సొంత కాంట్రాక్టు పట్టారనుకోండి, ఇప్పటిదాకా మేస్త్రి మోసిన తలనొప్పి మీ నెత్తిన పడుతుంది. ప్లైవుడ్ డబ్బు ముందు కట్టాలి, ఓనరు ఆఖరి బిల్లు నెల తిప్పుతాడు, హెల్పర్ కూలీ మాత్రం శనివారానికి ఇవ్వాలి. సొంతంగా నిలబడాలనుకునేవాడికి ముందు కావాల్సిన పనిముట్టు బ్యాంకులో 72,000. అంటే 90 రోజులు. రూటర్ తర్వాత.

పని ఆగడానికి ఇంకో కారణం మీ చేతిలోనే ఉంది. నాకు తెలిసిన ఒకాయన, మీ వయసువాడే, మార్బుల్ కట్టర్‌కు చెక్క కోసే బ్లేడు బిగించి ప్లైవుడ్ కోస్తున్నాడు. బ్లేడు మీద కాపుగా ఉండే గార్డు అడ్డమొస్తోందని ఎప్పుడో తీసేశాడు. బ్లేడు సంతలో కొన్న చౌకరకం. షీటు ముక్కను మోకాలితో అదిమి పట్టుకున్నాడు, కోత సగానికి వచ్చేసరికి చెక్క మూసుకుని బ్లేడు బిగుసుకుంది. మిషన్ ఒక్కసారిగా వెనక్కి ఎగిరి ఎడమచెయ్యి మీదికి వచ్చింది. వేళ్లు పోలేదు, నరాలు తెగాయి, కుట్లు పడ్డాయి. తొమ్మిది వారాలు సుత్తి పట్టలేకపోయాడు. ఆసుపత్రి ఖర్చు ఎలాగో గట్టెక్కింది. అతన్ని ముంచింది ఆ తొమ్మిది వారాల అద్దె, పాలు, స్కూలు ఫీజు. భార్య మెడలో గొలుసు వెళ్లింది. ఆ బ్లేడు దగ్గర అతను మిగుల్చుకున్నది మూడు వందలు కూడా ఉండదు.

అందుకే ఈ వారం మీరు కొనాల్సినది వేరే ఉంది. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన, ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో ప్రాణం పోయినా, రెండు చేతులో రెండు కళ్లో పోయినా 2 లక్షలు, ఒక చెయ్యో ఒక కన్నో పోతే లక్ష. ఖాతా ఉన్న బ్యాంకులో ఫారం ఇస్తే చాలు. అలాగని దాంతో సరిపెట్టుకోకండి. నేను చెప్పినాయనలా కుట్లు పడి రెండు నెలలు ఇంట్లో కూర్చుంటే ఆ పథకం నుంచి రూపాయి రాదు. దానికి విడిగా వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకోవాలి. తీసుకునేటప్పుడు ఏజెంటును ఒకే ప్రశ్న అడగండి: "పని చేయలేని వారాలకు వారానికి ఎంత ఇస్తారు?" ఆ కవర్ పేరు టెంపరరీ టోటల్ డిజేబుల్‌మెంట్. చాలా పాలసీల్లో అది విడిగా కలిపించుకోవాలి, మీరు అడగకపోతే వాళ్లు చెప్పరు. ప్రీమియం తగ్గుతుందని ఫారంలో "ప్రైవేటు ఉద్యోగం" అని రాయిస్తారు, ఒప్పుకోకండి. కార్పెంటర్, కరెంటు మిషన్లతో పని అని స్పష్టంగా రాయించండి. లేదంటే క్లెయిమ్ రోజున ఆ ఒక్క మాట పట్టుకుని తిప్పి పంపుతారు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో మీ పేరు లేకపోతే అదీ నమోదు చేయించండి. గత 12 నెలల్లో 90 రోజులు ఆ పని చేసి ఉంటే చాలు.

మిషన్ల మాట. చౌకవి అసలే కొనకూడదని నేనన్ను. నేనూ 499కి 46 పీసుల పెట్టె కొన్నవాణ్ణే. తలుపు బందు స్క్రూ బిగిద్దామని కూర్చుంటే మూడో తిప్పుకే బిట్ మొన గుండ్రంగా అరిగిపోయింది, స్క్రూ తలా గుండైంది. చివరికి కార్పెంటర్‌ను పిలిచి 300 ఇచ్చి ఊడదీయించాను. ఆ పెట్టెలో ఇప్పటికీ 40 పీసులు ప్లాస్టిక్ గుంటల్లోంచి లేవలేదు. ఇంట్లో నవ్వులపాలయ్యాను గానీ నా కూలీ పోలేదు. మీకైతే పోతుంది.

మీరు వేసుకోవాల్సిన లెక్క అదే. ఇది ఆగితే ఆ రోజు కూలీ ఆగుతుందా? క్లాంపులు, టేపు, సుత్తి ఆగవు, చౌకవి తెచ్చుకోండి. మూలమట్టం చౌకది కొన్నా పర్లేదు, గీత గీసి, తిప్పిపెట్టి మళ్లీ గీసి రెండూ కలిశాయో లేదో చూసుకోవడం మీకు నేను నేర్పాలా! పాత ఉలులు, క్లాంపులైతే ఎర్రగడ్డ ఆదివారం సంతలో వెతకొచ్చు. డ్రిల్ మాత్రం ఆగితే మీ చెయ్యి ఆగినట్టే. పేరున్న కంపెనీ డ్రిల్‌కు కార్బన్లు, అంటే మోటారుకు కరెంటు అందించే చిన్న ముక్కలు, అరిగితే రాణిగంజ్‌లో అడిగిన వెంటనే చేతిలో పెడతారు. ఈ కాంబోలో వచ్చే పేరులేని దానికి కార్బన్ సైజు కలవదు, ఆకురాయితో అరగదీసి ఇరికించాలి. మోటారులో తిరిగే ఆర్మేచర్ కాలితే తుక్కే. మీకు 1,200 తక్కువకు వచ్చిన మిషన్ ఒక్క రోజు పని ఆపితే ఆ లాభం ఆ సాయంత్రానికే పోయింది. వారంటీ ఉందిగా అంటారేమో, కార్డు వెనక్కి తిప్పి చదవండి. ఇంటి వాడకానికి మాత్రమేనని చిన్న అక్షరాల్లో చాలా వాటి మీద ఉంటుంది.

బ్యాటరీ డ్రిల్ మీద 48వీఎఫ్, 88వీఎఫ్ అని పెద్ద అక్షరాలు చూసి మురిసిపోకండి. అవి వోల్టులు కావు. లోపల ఐదు సెల్స్ ఉంటే ఫుల్ ఛార్జి మీద కూడా 21 వోల్టులు దాటవు. ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ మిషన్‌కు సాధారణంగా పట్టదు కాబట్టి మొదటి డ్రిల్ కొనడమంటే రాబోయే నాలుగు మిషన్ల కంపెనీని కూడా ఎంచుకున్నట్టే. హైదరాబాద్‌లో సర్వీస్ సెంటర్ ఉందో లేదో చూసుకున్నాకే కొనండి.

మిగిలే 4,500లో 2,500 బ్యాంకుకు, 2,000 మిషన్ డబ్బాకు వేయండి. నాలుగు నెలలకు చేతిలో 8,000. రెండు బ్యాటరీలతో మంచి కంపెనీ డ్రిల్ ఒకటి వస్తుంది. అప్పటికి బ్యాంకులో 48,000, అంటే 60 రోజులు. రూటర్, సాండర్, ప్లేనర్ అద్దెకు తెచ్చుకుని ఆ అద్దె ఓనరు ఎస్టిమేట్‌లో కలపండి. నెలలో ఎన్ని రోజులు తెస్తున్నారో రాసి పెట్టుకోండి, ఏది కొనాలో ఆ కాగితమే చెబుతుంది. బీమా ప్రీమియం మొదటిసారి మాత్రం మిషన్ డబ్బాలోంచి తీయండి, డ్రిల్ ఒక నెల ఆలస్యమైనా కొంప మునగదు.

మిగతా దారులకు ఒక్కో ముక్క. కేంద్ర పథకం పీఎం విశ్వకర్మలో వడ్రంగి పని ఉంది. అర్హత ఉంటే పనిముట్లకు 15,000 దాకా ఈ-వోచర్ ఇస్తారు, దరఖాస్తు సీఎస్సీలో (కామన్ సర్వీస్ సెంటర్), ఇంటికి ఒక్కరికే. అప్పు తప్పదనుకుంటే అదే పథకంలో తొలి విడత లక్ష దాకా 5 శాతం వడ్డీకి ఉంది, కానీ 90 రోజుల డబ్బు పోగయ్యాకే అడగండి. బంగారం తాకట్టు, యాప్ అప్పు కంటే చౌకే, మిషన్ల కోసం మాత్రం పెట్టకండి. క్రెడిట్ కార్డు మీద నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీని డిస్కౌంటుగా చూపించినా దాని మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు చాలాసార్లు మీరే కట్టాలి.

మీ మార్బుల్ కట్టర్‌కు గార్డు ఉందో లేదో మీరు రాయలేదు. ఊడదీసి ఉంటే రేపు పనికి వెళ్లేముందే బిగించండి. మళ్లీ రాసేటప్పుడు ఆ సంగతీ, బ్యాంకులో 20 రూపాయల ఫారం ఇచ్చారో లేదో అదీ రాయండి.