మనసు మార్చుకున్నానని ఇంగ్లీషులో రాసేటప్పుడు

చిరంజీవి బుజ్జికి,

పాలకొల్లు నుంచి మావయ్య ఆశీస్సులు. బెంగళూరులో వచ్చిన ఉద్యోగం వద్దనుకుని రాజమండ్రిలో నన్నయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేరతానన్నావు, సంతోషం. కంపెనీకి పంపే మెయిల్ ముందు నాకు చూపించావు, అది ఇంకా సంతోషం. అందులో ‘ఐ హావ్ ఛేంజ్డ్ మై మైండ్ లాస్ట్ వీక్’ అన్న వాక్యం మాత్రం దిద్దాలమ్మా. బళ్లో ఏళ్ల తరబడి పిల్లలకి దిద్దుతూ వచ్చిన తప్పే ఇది.

‘హావ్ ఛేంజ్డ్’ అన్నావంటే ఈ రోజు నీ నిర్ణయం వేరని చెబుతున్నట్టు. ఎప్పుడు మారిందన్న ఊసు అక్కడ ఉండకూడదు. నిన్న, పోయిన వారం, 2023లో అని అయిపోయిన కాలం చెప్పాలంటే ‘ఐ ఛేంజ్డ్’ చాలు. నీ మెయిల్లో అయితే ‘లాస్ట్ వీక్’ కొట్టెయ్. వాళ్లకి కావలసింది నువ్వు వస్తావా రావా అన్నదే.

మన ‘మార్చుకున్నాను’ రెండు చోట్లా సరిపోతుంది కాబట్టే ఈ తికమక. మీ పెదనాన్న చేను రొయ్యల చెరువు చేసేస్తానని, తర్వాత వద్దనుకున్నాడనుకో. ఇప్పటికీ అదే మాట మీదుంటే ‘హీ హాజ్ ఛేంజ్డ్ హిజ్ మైండ్’. జూన్‌లో కాలవలకి నీళ్లొదిలాక మళ్లీ చెరువు వైపే మొగ్గాడా, ఆ మొదటి మార్పు చెల్లిపోయింది, ‘హీ ఛేంజ్డ్’ అనాలి. సార్వా నాట్లు పడకుండానే ‘ఇప్పటికి రెండుసార్లు మార్చాడు’ అంటే మాత్రం మళ్లీ ‘హాజ్’ వస్తుంది, ఆ వ్యవహారం ఇంకా తేలలేదు కాబట్టి.

అమెరికా వాళ్లు ‘ఐ ఆల్రెడీ ఛేంజ్డ్ మై మైండ్’ అంటారు. తప్పనుకోకు, వాళ్ల వాడుక అది. ‘ఐ యామ్ ఛేంజ్డ్ మై మైండ్’ మాత్రం ఎక్కడా చెల్లదు.

ఇంకో మాట. మాటిచ్చిన కంపెనీకి ‘మైండ్ ఛేంజ్’ అని రాస్తే తేలిగ్గా తీసుకున్నట్టుంటుంది. ‘ఐ హావ్ డిసైడెడ్ టు పర్స్యూ హయ్యర్ స్టడీస్’ అని రాయి. కాలం అదే, మర్యాద ఎక్కువ. అవకాశమిచ్చినందుకు థాంక్స్ చెప్పి రేపే పంపెయ్. జాయినింగ్ డేట్ దాకా ఆగితే ఇంకొకరిని చూసుకోవడానికి వాళ్లకి టైమ్ ఉండదు.

మీ మావయ్య