పాఠకుల ప్రశ్నలు: విమానాల మ్యూజియంలో ఏం చూడాలి?

ప్రశ్న: యుద్ధ విమానాలంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. విమానాల మ్యూజియం ఎక్కడ ఉందన్నా వెళ్తాను. అయితే డెబ్బై ఎనభై విమానాలున్న చోట రెండు మూడు గంటలు తిరిగి, ప్రతి బోర్డూ చదివి, ప్రతిదానికీ ఫోటో తీసుకుని బయటికి వచ్చేసరికి అన్నీ కలగాపులగమైపోతున్నాయి. చూడడానికి ఏదైనా పద్ధతి ఉందా?

జవాబు: ఇందులో మీ జ్ఞాపకశక్తి తప్పేమీ లేదు, బోర్డులకు ఎక్కువ సమయం ఇస్తున్నారు, అంతే. వేగం, బరువు, రెక్కల పొడవు వంటి అంకెలను ఇంట్లో కూర్చుని కూడా చదువుకోవచ్చు. ఇంట్లో దొరకనిది ఎదురుగా ఉన్న ఆ రేకు. ఒక్కసారికి మూడు విమానాలకు మించి పెట్టుకోవద్దని నా సలహా. మిగతావాటిని దారిలో పలకరించి సాగిపోండి. ఎంచుకున్న దాని చుట్టూ ముందు దూరం నుంచి ఒక ప్రదక్షిణ, తర్వాత దగ్గర నుంచి మరొకటి చేసి, వింతగా కనిపించిన ప్రతి భాగం దగ్గరా ఆగి, ఇది ఇలా ఎందుకుందని ఆలోచించండి.

ఉదాహరణకు, అమెరికాలో వాషింగ్టన్ సమీపంలోని ఉద్వర్-హేజీ కేంద్రం అనే విమానాల మ్యూజియంలో ఉన్న నిఘా విమానం ఎస్‌ఆర్-71 బ్లాక్‌బర్డ్‌ను తీసుకుందాం. ఆ విమానం 1990 మార్చి 6న లాస్ ఏంజెలెస్ నుంచి వాషింగ్టన్‌కు 1 గంట 4 నిమిషాల 20 సెకన్లలో ఎగిరివచ్చి, ఆ ప్రయాణంతోనే మ్యూజియం వశమైంది. ఈ సంగతి ఎవరైనా చెబుతారు. రెక్కల లోపలి భాగం మీద ముందు నుంచి వెనక్కి సాగే సన్నని గాళ్ళను మాత్రం మీరే వెతికి చూడాలి. ధ్వనికి మూడు రెట్ల వేగంతో ఎగిరేటప్పుడు పై రేకు విపరీతంగా వేడెక్కి సాగుతుంది. అది నున్నటి రేకు అయితే ఎటుపడితే అటు వంకరపోతుంది కనుక, సాగిన మేరకు ఇముడ్చుకోవడానికి ముందే దానికి ఆ మడతలు పెట్టారు. అదే వేడికి సాగి, చల్లబడ్డాక కుంచించుకుపోయే ఇంధన ట్యాంకుల అతుకులను పూర్తిగా మూసి ఉంచడం సాధ్యం కాక, నేల మీద నిలిపినప్పుడు ఇంధనం బొట్లుబొట్లుగా కారేది. ప్రపంచంలోకెల్లా వేగవంతమైన నిఘా విమానం కింద నేల తడిసి ఉండేదన్నమాట.

రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధ విమానం స్పిట్‌ఫైర్ ఎదురైతే రివెట్లు, అంటే రేకులను బిగించే మేకుల్లాంటివి, చూడండి. రేకుతో సమంగా అణిగి ఉండే రివెట్లకు ఖర్చూ శ్రమా ఎక్కువ, గుండ్రటి తల ఉన్నవి చవక. చవకవాటిని ఎక్కడ వాడితే వేగం పెద్దగా తగ్గదో తెలుసుకోవడానికి ఇంజనీర్లు నమూనా విమానం మీది అణిగిన రివెట్లపై, గుండ్రటి తలల్లా ఉండేలా బఠాణీ బద్దలను జిగురుతో అంటించి ఎగరేశారు. తర్వాత ఒక్కో వరుసా గీకేస్తూ, మళ్ళీ మళ్ళీ ఎగరేసి వేగం కొలిచారు. ఇది చదివాక ఆ విమానాన్ని మీరు మునుపటిలా దాటిపోలేరని నా నమ్మకం.

ఫోటోల విషయానికి వస్తే, మొత్తం విమానం ఒక్క ఫ్రేములో పట్టాలని వెనక్కి వెనక్కి జరగకండి. అటువంటి ఫోటోలు వేలకు వేలు ఉన్నాయి. చక్రాలు ముడుచుకునే గూట్లోకి వంగి అక్కడి గొట్టాలను, హెచ్చరిక రాతలను తీయండి.

ప్రశ్న: లండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఒక హాలిఫాక్స్ బాంబర్‌ను శిథిలంగానే ఉంచారు. అదే మ్యూజియంలో లాంకాస్టర్ అనే మరో బాంబర్ మాత్రం చక్కగా రంగులతో నిలబడి ఉంది. స్తోమత ఉండి కూడా దాన్ని బాగుచేయకపోవడం నిర్లక్ష్యం కాదా?

జవాబు: కాదు. నా దృష్టిలో అది ఆ మ్యూజియం తీసుకున్న మంచి నిర్ణయాల్లో ఒకటి. ఆ హాలిఫాక్స్ 1942 ఏప్రిల్‌లో, నార్వే తీరంలో ఉన్న జర్మన్ యుద్ధనౌక తిర్పిట్జ్ మీద దాడికి వెళ్ళి, నేల మీది తుపాకుల దెబ్బ తిని, గడ్డకట్టిన ఒక సరస్సు మీద పొట్ట ఆనించి దిగింది. సిబ్బంది అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. చీలమండ విరిగిన ఒకరు జర్మన్లకు చిక్కగా, మిగిలినవారు కాలినడకన స్వీడన్ చేరుకున్నారు. మంచు కరిగి విమానం సరస్సు అడుగుకు చేరింది. 1973లో దాన్ని పైకి తీశారు. ఇప్పుడు దాన్ని కొత్తదానిలా చేయాలంటే చాలావరకు కొత్త లోహం వేయాలి. అప్పుడు మన ముందుండేది నేటి పనివారి నైపుణ్యమే తప్ప ఆ రాత్రి మంచు మీద దిగిన విమానం కాదు.

అలాగని రంగులు వేయడమే తప్పనడం లేదు. లాంకాస్టర్ ముక్కు పక్కన ఒక్కో దాడికి ఒక్కోటి చొప్పున వరుసలు వరుసలుగా ఉన్న బాంబు గుర్తులు రంగు లేకపోతే మనకు కనిపించేవే కావు. అమెరికాలోని డేటన్‌లో బి-17 బాంబర్ మెంఫిస్ బెల్‌ను బాగుచేసి 2018 మే నెలలో ప్రదర్శనకు పెట్టారు. పాత రంగు తీసినప్పుడు, 1943లో దాన్ని ఊరూరా తిప్పిన రోజుల్లో చూడవచ్చిన జనం రేకు మీద గీసుకున్న పేర్లు కింద బయటపడ్డాయి. (మీరు మాత్రం గీయకండి.)

ప్రశ్న: మనుషులను చంపడానికి చేసిన యంత్రాలను చూసి మురిసిపోతున్నానేమోనని ఒక్కోసారి మనసు పీకుతోంది. ఈ ఇష్టం తప్పా?

జవాబు: ఇష్టం తప్పు కాదు, ఆ పీకడమూ తప్పు కాదు. రెండింటినీ వెంటబెట్టుకునే వెళ్ళండి. పైన చెప్పిన బ్లాక్‌బర్డ్ ఉన్న భవనంలోనే 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు వేసిన ఎనోలా గే కూడా తళతళలాడుతూ నిలబడి ఉంది. పనితనం మెచ్చుకోదగ్గదే, చేసిన పని మాత్రం ఒళ్ళు గగుర్పొడిచేది. ఎగిరినవారి సంగతి కూడా తలచుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాయుసేనలోని బాంబర్ల విభాగమైన బాంబర్ కమాండ్ తరఫున ఎగిరిన సుమారు 1,25,000 మందిలో 55,573 మంది తిరిగి రాలేదు. ఈసారి లాంకాస్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు ముక్కు దగ్గర కాకుండా తోక దగ్గర నిలబడి, వెనక గన్నర్, అంటే తుపాకులు పేల్చే సైనికుడు, కూర్చునే గాజు గూడును చూడండి. అందులో పారాచూట్ పెట్టుకోవడానికి కూడా చోటు ఉండేది కాదు. దాన్ని గూడు తలుపు అవతల తగిలించి, రాత్రంతా దానికి వీపు పెట్టి కూర్చునేవాడు.