ఓనరుకూ అద్దెకున్నవాళ్లకూ మధ్య ఉద్యోగం: మా అమ్మాయిని పంపొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం పూర్తిచేసింది. ప్రాపర్టీ మేనేజ్‌మెంట్ సంస్థలో ఉద్యోగం వచ్చింది. ఓనర్లకూ అద్దెకున్నవాళ్లకూ మధ్య మాట్లాడే పనట. ఇద్దరిచేతా మాటలు పడటమేనా, నేర్చుకునేది ఏమైనా ఉందా?

జవాబు: ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేస్తే మాటలు పడక తప్పదండీ. పని తెలిసినవాళ్లు అలా చేయరు. ఫిర్యాదులోంచి విషయాన్ని బయటికి తీసి, దానిమీద నిర్ణయం రాబట్టి, రాతలో ఉంచుతారు.

‘సింకు కింద నీళ్లు కారుతున్నాయి, ఎవరూ పట్టించుకోరు’ అని మెసేజ్ వచ్చిందనుకోండి. దాన్ని అలాగే ఓనరుకు పంపితే ‘వాళ్లే పాడుచేసుంటారు’ అంటారు. గొడవ అక్కడే మొదలు. ముందుగా ‘మీ మెసేజ్ అందింది, రేపు సాయంత్రంలోగా ఏం చేస్తామో చెబుతాం’ అని రాయాలి. తర్వాత ఫొటో అడగాలి, ట్యాపు కట్టేసినా కారుతోందా అని కూడా అడగాలి. కట్టేసినా ఆగకపోతే లోపం సాధారణంగా నీళ్లొచ్చే పైపులో ఉంటుంది, వెంటనే వాల్వు కట్టించాలి. సింకు వాడినప్పుడే కారితే డ్రెయిన్ జాయింటు చూడాలి. అంతవరకు కింద బకెట్ పెట్టి సింకు వాడకుండా ఉంటే ఒకరోజు ఆగొచ్చు. ఓనరుకు వెళ్లేది నాలుగు ముక్కలే: లోపమేమిటి, ఖర్చెంత, అద్దె అగ్రిమెంటు ప్రకారం ఎవరు పెట్టుకోవాలి, ఎప్పటిలోగా జవాబు కావాలి.

ఓనరును అడక్కుండా ఎంతవరకు ఖర్చుచేయొచ్చో, ఓనరుతో సంస్థ చేసుకునే మేనేజ్‌మెంట్ ఒప్పందంలోనే రాయించుకోవాలి. లేకపోతే ప్రతి చిన్న రిపేరూ ఓనరు ఫోనెత్తేదాకా ఆగిపోతుంది. గ్యాస్ వాసన, స్విచ్‌బోర్డులో మంటల్లాంటివైతే ముందు మనుషుల్ని బయటికి పంపించి ఎమర్జెన్సీ వాళ్లను పిలవాలి. ఓనరుకు తర్వాత చెప్పొచ్చు.

ఎక్కువగా చెడేది ఫోన్ మాటల దగ్గరే. ‘వచ్చే నెల పెయింట్ వేయిస్తాం’ అన్న మాటను ఇద్దరూ రెండు రకాలుగా గుర్తుపెట్టుకుంటారు. కాల్ అవగానే రెండు వాక్యాల్లో రాసి పంపితే ఆ బాధ ఉండదు. డిపాజిట్ తగాదాలూ అంతే. ఇల్లు అద్దెకు అప్పగించిన రోజు గదిగదికీ తేదీతో ఫొటోలు, ఇద్దరి సంతకాలు ఉంటే సగం వాదన తీరిపోతుంది.

జీతమిచ్చేది సంస్థ, సంస్థకు ఫీజు కట్టేది ఓనరు. అయినా అద్దెకున్నవాళ్లకు అబద్ధం చెప్పకూడదు. ఒక్కసారి నమ్మకం పోతే తర్వాతి లోపాలు సంస్థదాకా రావు, గోడ తడిసి పాడయ్యాకే తెలుస్తాయి.

అద్దె పద్దులు, ఓనరుకు నెలనెలా పంపే లెక్కలు బీకాం చదివిన అమ్మాయికి త్వరగా పట్టుబడతాయి. చేరేముందు మూడు విషయాలు అడగమనండి: ఒక్కొక్కరికి ఎన్ని ఇళ్లు అప్పగిస్తారు, రాత్రి ఎమర్జెన్సీ కాల్స్ ఎవరు తీసుకుంటారు, ఫిర్యాదులు ఎక్కడ నమోదవుతాయి. అన్నిటికీ ఆమె సొంత ఫోన్ నంబరే ఇవ్వాలంటే ఇంకో సంస్థ చూసుకోవడం మంచిది.