చేతబడికి విరుగుడు చేయించుకోవచ్చా? ఇస్లాం, క్రైస్తవం ఏమంటాయి?

ఎవరో చేతబడి చేశారని అనుమానం, దాన్ని మరో మంత్రగాడి చేత తీయించుకుంటే తప్పా అని అడిగారు. రెండు మతాల్లోనూ తప్పే.

ఇస్లాంలో చేతబడిని సిహ్ర్ అంటారు. బాబిలోన్‌లో హారూత్, మారూత్ అనే దేవదూతల దగ్గర జనం భార్యాభర్తలను విడదీసే విద్య నేర్చుకున్నారని ఖుర్ఆన్ 2:102 చెబుతుంది. అల్లాహ్ అనుమతి లేనిదే దానితో ఎవరికీ కీడు చేయలేరనీ అదే ఆయత్‌లో (వాక్యంలో) ఉంది. భయంలో ఉన్నవాళ్లకు ఈ మాటే గుర్తుండదు. హదీసులో (ప్రవక్త మాటల్లో) చెప్పిన ఏడు వినాశకర పాపాల్లో షిర్క్ (అల్లాహ్‌కు సాటి కల్పించడం) తర్వాత సిహ్రే. జోస్యుడిని అడిగినవాడి నమాజు నలభై రాత్రులు అంగీకారం కాదు (అలాగని నమాజు మానకూడదు).

అనుమతి ఉన్నది రుఖియాకి, అంటే ఖుర్ఆన్ వాక్యాలు చదివి అల్లాహ్‌ను స్వస్థత కోరడానికి. పడుకునే ముందు అరచేతులు చేర్చి ఖుర్ఆన్‌లోని 112, 113, 114 సూరాలు (అధ్యాయాలు) చదివి, చేతుల్లోకి ఊది, తల, ముఖం మొదలుకొని చేయి అందినంత మేర ఒళ్లు తడుముకోవాలి. ఇలా మూడుసార్లు. తర్వాత ఆయతుల్ కుర్సీ (ఖుర్ఆన్ 2:255) చదవాలి. దీన్ని ఎవరికి వారే చేసుకోవచ్చు. రుఖియా పేరుతో వచ్చినవాడు మీ తల్లి పేరు, కట్టి విడిచిన బట్ట అడిగినా, గళ్లలో అంకెలు రాసిచ్చినా అక్కడితో ఆపేయండి. మధ్యలో ఎన్ని ఆయత్‌లు చదివినా అది రుఖియా కాదు. ఖుర్ఆన్ వాక్యాలే రాసిన తాయెత్తు విషయంలో మాత్రం పండితుల్లో భేదాభిప్రాయం ఉంది. కట్టుకోకపోవడమే మేలని నా అభిప్రాయం.

బైబిల్లో ద్వితీయోపదేశకాండము 18:10–12 సోదె, శకునం, మంత్రం, చనిపోయినవారిని సంప్రదించడం అన్నింటినీ నిషేధించింది. అపొస్తలుల కార్యములు 19లో, ఎఫెసు పట్టణంలో విశ్వాసులైనవాళ్లు 50,000 వెండి రూకల విలువైన మంత్రగ్రంథాలను అమ్ముకోలేదు, అందరి ముందూ కాల్చేశారు. అదే అధ్యాయంలో స్కెవ అనే యూదు యాజకుడి కొడుకులు ఏడుగురు యేసు పేరునే మంత్రంలా వాడబోయి, దయ్యం పట్టినవాడి చేతిలో దెబ్బలు తిని పారిపోయారు. సిలువనో వాక్యాన్నో రక్షరేకులా వాడేవాళ్లు చదవాల్సిన ఘట్టం ఇది. దేవుడిని వేడుకోవడం ప్రార్థన, ఆయన పేరుతో పని జరిపించుకోవాలనుకోవడం మంత్రం.

కాథలిక్ సంఘంలో దయ్యాన్ని వెళ్లగొట్టే క్రతువు చేయాలంటే గురువుకు (ఫాదర్‌కు) బిషప్ ప్రత్యేక అనుమతి కావాలి. ముందు అది జబ్బు కాదని తేల్చుకోవాలి. ప్రొటెస్టెంట్ సంఘాల్లో ఎక్కువగా సామూహిక ప్రార్థనే.

చేసింది ఫలానావారని పేరు చెప్పేవాడిని ఏ మతం వాడైనా నమ్మొద్దు. అగోచరం అల్లాహ్‌కు తప్ప ఎవరికీ తెలియదని ఖుర్ఆన్ 27:65 స్పష్టంగా అంటోంది. అలాంటివాడు మందులు ఆపమన్నా ఆపకండి.