ఊరేగింపులో పొంగే అంబాసిడర్‌కు కరెంటు ఫ్యాన్ పెట్టవచ్చా?

ప్రశ్న: గురువు గారూ, మా నాన్నగారు 1984లో కొన్న అంబాసిడర్ ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. పెట్రోల్ బండి, పాత 1489 సీసీ ఇంజనే. పెళ్లిళ్ల రోజుల్లో తెలిసినవాళ్లు ఊరేగింపుకు అడుగుతారు, కాదనలేక పంపుతాం. మేళం వెనకాల నడక వేగంతో గంటల తరబడి వెళ్లేసరికి టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది. పోయిన వేసవిలో రేడియేటర్ పొంగిపోతే పెళ్లికొడుకును దింపి వేరే కారెక్కించారు. ఇంజనుతో తిరిగే ఫ్యాన్ తీసేసి మారుతి 800 ఫ్యాన్ పెట్టించమని ఒక మెకానిక్ అంటున్నారు. లీటరుకు రెండు మూడు కిలోమీటర్లు మైలేజ్ కూడా పెరుగుతుందట. పెట్టించమంటారా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: పెట్టించండి. మీ బండి పడుతున్న ఇబ్బందికి అది సరైన మందే. కానీ ఆ పని ఫ్యాన్‌తో మొదలుపెట్టకండి, బండికి కరెంటు తయారుచేసే డైనమోతో మొదలుపెట్టండి. ఎందుకో చెబుతాను.

మీ ఇంజనులో ఫ్యాన్ వాటర్ పంప్ పుల్లీకి బిగించి ఉంటుంది. క్రాంక్ పుల్లీ నుంచి వచ్చే ఒకే బెల్టు పంపునూ ఫ్యాన్‌నూ డైనమోనూ కలిపి తిప్పుతుంది. అంటే ఇంజను ఎంత నెమ్మదిగా తిరిగితే ఫ్యాన్ అంత నెమ్మదిగా తిరుగుతుంది. ఊరేగింపులో ఇంజను ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ దాదాపు తొక్కకుండా నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది, ఎదురుగాలి ఉండదు. గాలి బాగా కావలసిన ఆ సమయంలోనే ఫ్యాన్ దాదాపు ఏమీ లాగదు. హైవే ఎక్కి అరవైలో వెళ్తున్నప్పుడు గ్రిల్లులోంచి వచ్చే గాలే చాలు, అప్పుడేమో ఫ్యాన్ ఊరికే గిర్రున తిరుగుతూ ఇంజను శక్తి తింటుంది. ఫ్యాన్ వేగం రెట్టింపైతే దానికి ఖర్చయ్యే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. కరెంటు ఫ్యాన్‌కు ఇంజను వేగంతో సంబంధం లేదు. బండి ఆగి ఉన్నా పూర్తి బలంతో లాగుతుంది.

ముందుగా ఒక పరీక్ష చేయండి. మధ్యాహ్నం ఎండలో తణుకు నుంచి రాజమండ్రి వైపు హైవే మీద అరవై, డెబ్భై వేగంతో ఆగకుండా వెళ్లి రండి. అలా పరిగెడుతున్నప్పుడు ముల్లు మామూలుగా ఉండి, ఆగినప్పుడే పైకి పోతుంటే లోపం గాలిది. ఫ్యాన్ మార్చితే పోతుంది. పరిగెడుతున్నప్పుడు కూడా పైకి పోతుంటే ఏ ఫ్యాన్ పెట్టినా డబ్బు దండగ. రేడియేటర్ గొట్టాలు పూడిపోయి ఉండొచ్చు, పంపు రెక్కలు తినేసి ఉండొచ్చు, ఇగ్నిషన్ టైమింగ్ తప్పి ఉండొచ్చు, హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు. మీ జిల్లాలో నేను ఎక్కువగా చూసింది మొదటిదే. భీమవరం, నరసాపురం వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఏళ్ల తరబడి ఆ నీళ్లే పోస్తే లోపల తెల్లగా గార కట్టేస్తుంది. రేడియేటర్ షాపులో పై ట్యాంకు విప్పించి రాడింగ్ చేయించండి, అంటే గొట్టాల్లోకి సన్నటి కడ్డీ దూర్చి గార తీయించండి. తర్వాత కూలెంటును డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి పోయండి, బోరు నీళ్లు వద్దు. క్యాప్ రబ్బరు కూడా చూడండి. క్యాప్ మీద 7 (పీఎస్ఐ, అది ఆపే ఒత్తిడి) అని ఉంటే, ఆ ఒత్తిడి నిలిచినంతసేపూ నీళ్లు 111, 112 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు ఎండిపోయి ఒత్తిడి వదిలేస్తుంటే 100 దగ్గరే పొంగుతాయి. చాలా పొంగుళ్లు కొత్త క్యాప్‌తో తగ్గాయి.

ఇవన్నీ బాగున్నాయనుకుందాం. ఇక డైనమో సంగతి.

మీ బండిలో ఇంకా పాత డైనమోనే ఉందా, దాని బదులు ఇప్పటి కార్లలో ఉండే ఆల్టర్నేటర్ వేశారా అన్నది రాయలేదు. బానెట్ ఎత్తి చూడండి. సన్నగా పొడుగ్గా ఉంటే డైనమో. పొట్టిగా లావుగా, చుట్టూ గాలి రంధ్రాలతో ఉంటే ఆల్టర్నేటర్. ఆ తరం కార్లకు వచ్చిన డైనమోలు ఇంజను గట్టిగా తిరిగినా ఇరవై ఆంపియర్లకు కాస్త అటూఇటూగా ఇచ్చేవి. ఐడిల్‌లో ఏమీ ఇవ్వవు, అందుకే బండి ఆగినప్పుడు డ్యాష్‌లో ఎర్ర లైటు మిణుకుమంటుంది. మరి ఊరేగింపంటేనే ఐడిల్! ఫ్యాన్ ఒక్కటే పది పన్నెండు ఆంపియర్లు లాగుతుంది. ఇగ్నిషన్‌కు మూడు నాలుగు. రాత్రి పెళ్లయితే లైట్లు, పైన కట్టిన సీరియల్ బల్బులు. ఇదంతా బ్యాటరీ ఒక్కటే మోయాలి. రెండు గంటలు మేళం వాయించి కల్యాణమండపం దగ్గర ఇంజను ఆపారంటే మళ్లీ స్టార్ట్ కాదు. వేడెక్కిన బండి బదులు తోయాల్సిన బండి మిగులుతుంది. డైనమో ఉన్న అంబాసిడర్‌కు కరెంటు ఫ్యాన్ పెట్టమని ఎవరు అడిగినా నేను ఒప్పుకోను.

కాబట్టి ముందు 45 ఆంపియర్ల ఆల్టర్నేటర్, లోపలే రెగ్యులేటర్ (వోల్టేజ్‌ను అదుపులో ఉంచేది) ఉన్నది వేయించండి. డైనమో ఛార్జింగ్‌ను అదుపు చేసే పాత కటౌట్ పెట్టెను వైరింగ్ నుంచి తప్పించాలి. ఈ పని ఆటో ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. అలాగే బ్యాటరీలో ఏ కొస బాడీకి కలిసిందో చూడమనండి. పాత బ్రిటిష్ డిజైన్ బండ్లలో కొన్నింటికి పాజిటివ్ కొస బాడీకి ఉంటుంది. అది గమనించకుండా ఆల్టర్నేటర్ కలిపితే అందులోని డయోడ్లు క్షణంలో పోతాయి. ఆల్టర్నేటర్ కూడా ఐడిల్‌లో తన పూర్తి లెక్క ఇవ్వదు. పని అయ్యాక ఫ్యాన్, హెడ్‌లైట్లు వేసి ఐడిల్‌లో బ్యాటరీ కొసల దగ్గర వోల్టేజ్ చూడండి. 13కు పైన నిలబడాలి. పడిపోతుంటే ఐడిల్ కాస్త పెంచాలి, లేదా ఆల్టర్నేటర్ పుల్లీ చిన్నది వేయాలి.

మారుతి 800 ఫ్యాన్ మీద నాకు నమ్మకం తక్కువ. అది 796 సీసీ ఇంజనుకూ ఆ చిన్న రేడియేటర్‌కూ చేసింది. మీది దాదాపు రెట్టింపు ఇంజను, రేడియేటర్ కూడా పెద్దది. 12 అంగుళాల ఫ్యాన్ తీసుకోండి. లేదా పెద్ద కారు ఫ్యాన్‌ను దాని ప్లాస్టిక్ తొడుగుతో సహా ఆటోనగర్‌లో వెతకండి. ఆ తొడుగు చాలా ముఖ్యం. అది లేకపోతే ఫ్యాన్ తన ముందున్న గుండ్రటి భాగంలోంచే గాలి లాగుతుంది, నాలుగు మూలలూ వేడిగానే ఉండిపోతాయి. తొడుగు ఉంటే రేడియేటర్ మొత్తం పనిచేస్తుంది. పాత మోటారు కొంటే అక్కడే బ్యాటరీకి కలిపి క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పెట్టి ఆంపియర్లు కొలిచేది) పెట్టి చూడండి. పదిహేను దాటి లాగుతుంటే బుష్‌లో బ్రష్షులో అరిగినట్టు, తీసుకోవద్దు.

ఫ్యాన్ రేడియేటర్‌కూ ఇంజనుకూ మధ్యలో ఉండి గాలిని లోపలికి లాగాలి. గ్రిల్లు వైపు పెట్టి తోయించవచ్చు కానీ హైవేలో వచ్చే గాలికి అదే అడ్డమవుతుంది. బిగించాక గ్రిల్లు ముందు ఒక కాగితం పట్టుకోండి. అది గ్రిల్లుకు అతుక్కుంటే సరే, ఎగిరిపోతే వైర్లు తిరగేశారని అర్థం. కొందరు ప్లాస్టిక్ ట్యాగులను రేడియేటర్ రెక్కల మధ్యలోంచి దూర్చి ఫ్యాన్‌ను కట్టేస్తారు. దయచేసి ఒప్పుకోకండి. అదురుకు ఆ ట్యాగు రాగి గొట్టాన్ని కోసేస్తుంది. పట్టీలు రేడియేటర్ ఫ్రేముకు బిగించాలి.

పాత ఫ్యాన్ విప్పేటప్పుడు మెకానిక్‌లు తరచుగా మరిచే ఒక విషయం ఉంది. ఫ్యాన్‌నూ పుల్లీనీ కలిపి పట్టుకునేవి అవే నాలుగు బోల్టులు. మధ్యలోంచి ఫ్యాన్ మందం పోయాక అవే బోల్టులు వేస్తే పొడవు ఎక్కువై వెనక పంపు బాడీకి తగలవచ్చు. పొట్టి బోల్టులైనా వేయాలి, ఫ్యాన్ మందానికి సరిపడే వాషర్లైనా వేయాలి. బిగించాక పుల్లీని చేత్తో ఒక చుట్టు తిప్పి చూడండి. పాత ఫ్యాన్, బోల్టులు ఒక సంచిలో వేసి డిక్కీలోనే ఉంచండి. దారిలో మోటారు కాలిపోతే స్పానరుతో మళ్లీ బిగించుకుని ఇంటికి రావచ్చు. బాడీలో ఏదీ కోయకుండా, ఏ రంధ్రమూ చేయకుండా పని చేయిస్తే మీ నాన్నగారి బండి ఎప్పుడు కావాలంటే అప్పుడు పాత రూపానికి వస్తుంది. నాకు ఇది చాలా ముఖ్యంగా అనిపిస్తుంది. హిందుస్థాన్ మోటార్స్ 2014లో అంబాసిడర్ తయారీ ఆపేసింది, ఉన్నవాటిని పాడు చేసుకోకూడదు.

వైరింగ్‌లో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) తప్పనిసరి. బ్యాటరీ పాజిటివ్ నుంచి 25 ఆంపియర్ల ఫ్యూజు, అక్కడినుంచి రిలే 30 పిన్నుకు, 87 నుంచి ఫ్యాన్‌కు, వైరు 4 స్క్వేర్ ఎంఎం. 86కు ఇగ్నిషన్ కరెంటు, 85 నుంచి థర్మో స్విచ్‌కు, అంటే నీళ్లు వేడెక్కితే తనంతట తానే కలిసే స్విచ్‌కు. ఫ్యాన్ మొదలయ్యే క్షణంలో మామూలుకన్నా రెండు మూడు రెట్లు లాగుతుంది కాబట్టి డ్యాష్ స్విచ్ ద్వారా నేరుగా ఇచ్చారంటే ఆ స్విచ్ కొద్ది రోజుల్లో మాడిపోతుంది. మా షెడ్డుకు వచ్చిన ఒక జీపులో ఎవరో ఫ్యాన్‌ను స్పీకర్ వైరుతో కలిపారు. వైరు తోలు కరిగి కార్పెట్‌కు అంటుకుని ఉంది. ఇంకో గంట నడిచి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటేనే భయం వేస్తుంది.

థర్మో స్విచ్‌కు మీ రేడియేటర్‌లో చోటు ఉండదు. రేడియేటర్ షాపువాళ్లు పై ట్యాంకుకు ఇత్తడి నట్టు అతికి ఇస్తారు. లేదా పై హోస్ మధ్యలో చిన్న అడాప్టర్ వేయవచ్చు. అడాప్టర్ అయితే రెండు వైపులా రబ్బరే కాబట్టి ఎర్త్ (బాడీ కనెక్షన్) అందదు, దానికి విడిగా ఎర్త్ వైరు ఇవ్వాలి. ఇది మరిచిపోయి స్విచ్ పోయిందని కొత్తవి కొనేవాళ్లను చూశాను. పైభాగంలో పెట్టేదైతే 92 డిగ్రీలకు కలిసి 87కు విడిపోయే స్విచ్ తీసుకోండి. ఇంజను నుంచి రేడియేటర్‌కు నీళ్లు వదిలే వాల్వు, అంటే థర్మోస్టాట్, 82ది అయితే దీనికి సరిగ్గా సరిపోతుంది. స్విచ్ మీద అంత నమ్మకం పెట్టుకోకుండా, డ్యాష్ కింద ఒక చిన్న బటన్ కూడా పెట్టించి 85 పిన్నును దాని ద్వారా కూడా ఎర్త్ అయ్యేలా చేయండి. మేళం మొదలుకాగానే డ్రైవరు అది నొక్కేస్తే చాలు.

మైలేజ్ సంగతి. లీటరుకు రెండు మూడు పెరగడం జరగదు. కరెంటు ఊరికే రాదు, ఆల్టర్నేటర్‌ను తిప్పేదీ ఇంజనే. హైవేలో ఫ్యాన్ ఆగి ఉంటుంది కాబట్టి కొంచెం మిగులుతుంది, అంతే. నిజంగా తెలిసే తేడా శబ్దంలో. మూడో గేరులో లాగినప్పుడు వచ్చే ఆ హోరు పోతుంది, వెనక సీట్లో మాటలు హాయిగా వినిపిస్తాయి.

ప్రశ్న: మా 45 హార్స్‌పవర్ ట్రాక్టర్ రోటవేటర్ వేస్తే వేడెక్కుతోంది. కార్లలో లాగా కరెంటు ఫ్యాన్ పెట్టవచ్చా అండీ?
– ఒక రైతు, మిర్యాలగూడ

జవాబు: వద్దండీ. కారు ఆగినప్పుడు దాని ఇంజనుకు బరువు ఉండదు. ట్రాక్టర్ నెమ్మదిగా కదులుతూనే పూర్తి బరువు లాగుతుంది, ఎదురుగాలి అసలు ఉండదు. డీజిల్ ఇంజను ఎంత శక్తి ఇస్తుందో దాదాపు అంత వేడిని నీళ్లలోకి వదులుతుంది. దాన్ని చల్లబరచడానికి పెద్ద ఫ్యాన్ ఆగకుండా తిరగాలి. ఆ పని 12 వోల్టుల చిన్న మోటారు వల్ల కాదు. ముందు బెల్టు బిగువు చూడండి. తర్వాత రేడియేటర్ ముందు జాలీలో, రెక్కల మధ్య ఎంత దుమ్మూ గడ్డీ పేరుకుందో చూడండి. కంప్రెసర్ గాలిని ఫ్యాన్ వైపు నుంచి బయటికి కొట్టండి. ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి దిగుతుంది. గాలి పైపును రెక్కలకు మరీ దగ్గరగా పెట్టకండి, వంగిపోతాయి. రోటవేటర్ రోజుల్లో ఈ పని రోజూ పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు చేయాలి.

ప్రశ్న: మా కారులో ఏసీ వేస్తే ఇంజను చల్లగా ఉన్నా రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోంది. థర్మో స్విచ్ పోయిందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: పోలేదమ్మా. రేడియేటర్ ముందు ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ ఉంటుంది, దానికీ గాలి కావాలి. అందుకే ఏసీ వేయగానే ఫ్యాన్ తిరిగేలా కంపెనీవాళ్లే కలుపుతారు. ఏసీ ఆపాక, చల్లటి ఇంజనులో కూడా ఆగకుండా తిరుగుతుంటే మాత్రం రిలే అతుక్కుపోయి ఉండవచ్చు, చూపించండి.