కొరియన్‌లో ‘నున్’ ఎప్పుడు, ‘గా’ ఎప్పుడు?

‘నేను’ అనడానికి ఒకచోట ‘చొనున్’, ఇంకోచోట ‘చెగా’ ఎందుకొస్తోందని అడిగారు. దక్షిణ కొరియాలోని సువొన్‌లో ఉద్యోగం చేసుకుంటూ కొరియన్ నేర్చుకున్నాను. నాకు పనికొచ్చిన దారి చెప్తాను.

నున్, గా రెండూ పదం చివర తగిలించే ముక్కలు. నున్‌కి ఇంకో రూపం ఉన్, గాకి ఇంకో రూపం ఇ. పదం హల్లుతో ఆగితే ఉన్, ఇ. అచ్చుతో ఆగితే నున్, గా. ‘చొ’ అంటే నేను, దానికి గా చేరితే ‘చెగా’ అవుతుంది. ఇది వాడుతూ ఉంటే నోటికి అదే వచ్చేస్తుంది.

అసలు చూసుకోవాల్సింది మీ వాక్యం ఏ ప్రశ్నకు జవాబు అన్నది. ‘నుగా వస్సొయో?’ అంటే ఎవరొచ్చారు అని. జవాబు ‘మిన్సుగా వస్సొయో’. వచ్చింది మిన్సు అన్నదే కొత్త కబురు, అందుకే గా. అదే ‘మిన్సు ఏం చేస్తున్నాడు?’ అని అడిగితే, అప్పటికే మిన్సు గురించే మాట్లాడుకుంటున్నాం కాబట్టి ‘మిన్సునున్’ అని మొదలుపెడతాం. కర్తగా వచ్చే ‘ఎవరు’కి నున్ తగిలించరు. ఎవరో తెలియని మనిషి గురించి మాట ఎలా ఎత్తుతాం?

నున్‌కి ఇంకో పని కూడా ఉంది, అది నాకు చాలా ఇష్టం. మా క్యాంటీన్‌లో వడ్డించే పెద్దావిడతో ‘కోగినున్ ఆన్ మొగొయో’ అన్నాను, మాంసం తిననని. ఆవిడ గరిటె పట్టుకునే ‘సెంగ్సొనున్యో?’ అని అడిగారు. నా మాట ఆవిడకి ‘మాంసమైతే తినను’ అన్నట్టు వినపడింది, అందుకే ‘మరి చేపో?’ అన్నారు. మన ‘అయితే’, ‘మాత్రం’, ‘ఏమో’ చేసే పనే ఇది. అలాగని ప్రతి నున్‌నీ ‘అయితే’ అనుకోకండి, పరిచయంలో చెప్పే చొనున్ ఉత్త ‘నేను’ మాత్రమే.

రెండూ ఒకే వాక్యంలో వస్తే కంగారుపడొద్దు. ‘ఖోక్కిరినున్ ఖోగా కిరొయో’, అంటే ఏనుగుకి తొండం పొడుగు. మాట ఏనుగు గురించి, పొడుగున్నది తొండం. ‘చొనున్ షిగాని ఒప్సొయో’ కూడా అంతే, నాకు టైం లేదు (షిగాన్ అంటే టైం, హల్లుతో ఆగింది కాబట్టి గా బదులు ఇ). ఇలాంటివాటిని ఇంగ్లీషు మీదుగా అర్థం చేసుకోబోతే చిక్కుపడతాయి, తెలుగులోంచి నేరుగా చూస్తే తేలిక.

పరిచయం చేసుకునేటప్పుడు మొదటి వాక్యంలో చొనున్ అన్నాక, తర్వాతి వాక్యాల్లో వదిలేయండి. కొరియన్లూ వదిలేస్తారు. ప్రతిసారీ అంటుంటే ‘నేనైతే, నేనైతే’ అని పక్కవాళ్ళతో పోల్చుకుంటున్నట్టు వినిపిస్తుంది.