అడితి షెడ్డులో మిగిలిన టేకు, పడాక్, జిట్రేగి: గుండుగుత్తగా ఇవ్వాలా, కొలిచి అమ్మాలా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: అమలాపురం దగ్గర మామగారి కలప అడితి మూతపడి పన్నెండేళ్లు. షెడ్డులో బర్మా టేకు పలకలు, ఎర్రటి పడాక్ పలకలు, ఆరు జిట్రేగి (రోజ్‌వుడ్) దుంగలు ఉండిపోయాయి. అంతా కలిపి 400 ఘనపుటడుగులు ఉంటుందని అంచనా. ఒక వ్యాపారి చూసి వెళ్లి, గుండుగుత్తగా ఇంత ఇస్తాను, రెండు రోజుల్లో తేల్చండి అన్నారట. ఇచ్చేయొచ్చా, లేకపోతే రేటు ఎలా కట్టాలి?

రెండు రోజుల్లో తేల్చకండి. పన్నెండేళ్లు చెద పట్టకుండా ఉన్న టేకు ఇంకో రెండు నెలలు ఉంటే తరిగేదేం లేదు. ఆయన చెప్పిన మొత్తం తక్కువో సరైనదో మీకు తెలీదు, ఇక్కడ చదివే మాకూ తెలీదు. ఆయనకి తెలుసండి. షెడ్డు మధ్యలో నిలబడి కళ్లతోనే కొలిచేసుకుని ఉంటారు. మీ చేతిలో పలక పలకకీ రాసిన చిట్టా, సరుకు ఎక్కడిదో చెప్పే కాగితం, ఈ రెండూ లేకుండా బేరానికి కూర్చుంటే ఆయన నోటి లెక్కే లెక్క.

ముందు కాగితం సంగతి. అడితి నడిచిన రోజుల స్టాకు రిజిస్టరు, అటవీ శాఖ ఇచ్చిన రవాణా పర్మిట్లు, కొన్న బిల్లులు, దిగుమతి సరుకైతే ఓడరేవు కాగితాలు, ఏది దొరికితే అది బయటకు తీయండి. మన రాష్ట్రంలో కలప లారీ ఎక్కాలంటే 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నిబంధనలు ఉన్నాయి. పర్మిట్ లేకుండా చెక్‌పోస్టులో ఆపితే సరుకు, బండి రెండూ అక్కడే ఉండిపోతాయి. కొనేవాడు ఆ భయాన్ని రేటులోంచి కోసేస్తాడు. కాగితాలు దొరక్కపోతే దాచకుండా ఫారెస్టు రేంజ్ ఆఫీసుకి వెళ్లి, ఫొటోలతో, కొలతల చిట్టాతో అర్జీ పెట్టి, అమ్మే ముందే దారి కనుక్కోండి. సరుకు అమ్మేశాక కొన్నవాడు చూసుకుంటాడులే అనుకోవద్దు. బిల్లు మీద పేరు మీదే.

దుంగల కొసల్లో, పెద్ద పలకల చివర్లలో సుత్తితో కొట్టిన ముద్రలు, రంగుతో రాసిన నంబర్లు ఉంటాయి. కొస పగలకుండా ఉంటుందని చాలామంది మైనం గానీ పాత పెయింటు గానీ పూస్తారు, లేదా నీటుగా కనపడాలని అంగుళం కోయించేస్తారు. ఆ ముద్రతోపాటు సాక్ష్యం కూడా పోతుంది. ముందు తడిగుడ్డతో తుడిచి, పక్కన టేపు పెట్టి ఫొటో తీసుకోండి. పూత తర్వాత. బర్మా ప్రభుత్వం 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది. కాబట్టి అంతకు ముందు వచ్చిన దుంగల్లోంచి కోసిన టేకు అని చూపించగలిగితే దానికి వేరే గిరాకీ ఉంటుంది. ఇంకోమాట: ఎర్ర చెక్కల్లో ఒక్క ఎర్రచందనం ముక్క ఉన్నా అది మామూలు వ్యాపార సరుకు కాదు. పక్కన పెట్టి రేంజ్ ఆఫీసుకే చెప్పండి.

ఇక కొలత. డబ్బంతా ఇక్కడే వస్తుంది, ఇక్కడే పోతుంది కూడా. పలకకి సూత్రం అందరికీ తెలిసిందే: పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో తీసుకుని, మూడూ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు. తెలియాల్సింది ఏ పొడవు, ఏ వెడల్పు అన్నది. ఒక్క పలక పట్టుకుని చూద్దాం. టేపు పెడితే పొడవు 9 అడుగుల 2 అంగుళాలు, వెడల్పు పదిన్నర అంగుళాలు, మందం మధ్యలో 2 అంగుళాల మీద ఒక నూలు, నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. అలాగే లెక్క కడితే 1.42 ఘనపుటడుగులు. ఇప్పుడు దగ్గరకెళ్లి చూడండి. ఒక కొసన 4 అంగుళాల బీట, రెండో కొసన 6 అంగుళాలు. అవి తీసేస్తే 8 అడుగుల 4 అంగుళాలు. వ్యాపారంలో అరడుగుకి కిందికి దించుతారు, అంటే 8 అడుగులు. ఒక అంచున అంగుళంన్నర తెల్ల, అంటే బెరడు కింది లేత చెక్క ఉంది, చేవ కాదు. పురుగు ముందు పట్టేది దానికే. వెడల్పు 9 అయింది. మందం కొసల్లో సరిగ్గా 2, తక్కువదే లెక్క. 8 ఇంటూ 9 ఇంటూ 2 బై 144 అంటే సరిగ్గా 1 ఘనపుటడుగు. 1.42 ఎక్కడ, 1 ఎక్కడ! మీరు అనుకుంటున్న 400 కూడా బహుశా ఇలాంటి పైకొలతే. నికరంలో 280, 300 దగ్గర తేలినా ఎవరో మోసం చేశారని అనుకోవద్దు. కానీ ఆ తగ్గింపు మీరే కట్టి, చిట్టాలో పైకొలత, నికరం రెండూ రాసి పెట్టుకోండి. లేకపోతే మీరు ఒకసారి తగ్గించినదాన్నే అవతలివాడు ఇంకోసారి తగ్గిస్తాడు.

ప్రతి పలకకీ సుద్దతో నంబరు వేయండి. ఒకళ్లు కొలిచి చెప్తే ఒకళ్లు రాయాలి. మూడో మనిషి పలక తిప్పి అడుగు వైపు చూపించాలి, పగుళ్లూ కణుపులూ ఎప్పుడూ అడుగు వైపే దాక్కుంటాయి. మందాల వారీగా వేరే దొంతరలు పెట్టండి. రెండంగుళాల పచ్చికోత పలక చిత్రిక పడితే అంగుళం ముప్పాతికకి దిగుతుంది. అందుకే రెండంగుళాలకి ఒక నూలు తగ్గినా తలుపు చేసేవాడు దాన్ని అంగుళంన్నర సరుకుగానే చూస్తాడు.

చిట్టా సరిగ్గా ఉందో లేదో కాటా చెప్తుంది. ఎండిన టేకు ఘనపుటడుగు సుమారు 18, 19 కిలోలు తూగుతుంది. 250 ఘనపుటడుగులంటే నాలుగున్నర టన్నుల పైచిలుకు. కాటాలో ఆరు టన్నులు చూపిస్తే మీ చిట్టాలో పలకలు తప్పాయన్నమాట, లేదా ఆ లోడులో టేకు కానిదేదో ఉంది. జిట్రేగి ఇంకా బరువు, 24 కిలోల దాకా వస్తుంది.

ఏది ఏ చెక్కో తేల్చుకోవడం ఇంకో పని. కోనసీమలో పాత మండువా ఇంటి స్తంభం చూపించి బర్మా టేకు అంటారు, చాలావాటికి అది నిజమే. కోరంగి, కాకినాడ నుంచి రంగూన్‌కి ఓడలు నడిచిన ప్రాంతం మనది. కానీ ఇప్పుడు మార్కెట్లో ఘనా, కోస్టారికా లాంటి దేశాల తోటల టేకు కూడా బాగా తిరుగుతోంది. పలక కొసని చిత్రిక పట్టి, తడిపి, చెట్టుకి ఏడాదికొకటి పడే వలయాలు లెక్కపెట్టండి. అంగుళానికి పది, పన్నెండు సన్న గీతలు దగ్గరదగ్గరగా ఉంటే నిదానంగా పెరిగిన అడవి చెట్టు. గీతకీ గీతకీ మధ్య బాగా ఎడం ఉంటే తోటలో పెరిగింది. అది కూడా టేకే, రేటు వేరు. గీతలు దగ్గరగా ఉన్నంత మాత్రాన బర్మాది అని తేలదు, మన పాపికొండల టేకూ అలాగే ఉండొచ్చు. కాగితం లేకుండా బిల్లు మీద బర్మా అని రాయకండి. పడాక్ విషయంలో అండమాన్‌దా, బర్మాదా, ఆఫ్రికాదా అన్నది కంటితో చెప్పేవాడిని నమ్మొద్దు. సరుకు ఎక్కువుంటే అరచేతంత ముక్క బెంగళూరులోని కలప పరిశోధన సంస్థ ఐడబ్ల్యుఎస్‌టీకి పంపితే రుసుము తీసుకుని ఏ జాతో చెప్తారు. ఆ కాగితం మీద పెట్టిన ఖర్చు రేటులో తిరిగొస్తుంది.

దుంగల కొలత వేరు. మధ్య చుట్టుకొలతని నాలుగుతో భాగించి, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 144తో భాగిస్తారు. చుట్టుకొలత 48 అంగుళాలు, పొడవు 8 అడుగులు అయితే 8 ఘనపుటడుగులు. అదే దుంగ అసలు ఘనపరిమాణం 10.19. ఈ 27 శాతం తేడా మోసం కాదు, కోతలో పోయే దిమ్మలకి పాతకాలం నుంచీ ఇచ్చే మినహాయింపు. చిక్కెక్కడంటే, పక్కా ఘనమీటరు లెక్కన చెప్పిన రేటుని తెచ్చి చుట్టుకొలత పద్ధతికి అంటించినప్పుడు. రేటు అడిగిన ప్రతిసారీ ఏ కొలత మీద అని అడగండి. జిట్రేగి దుంగల్ని మీరు కోయించకండి. కొనేవాడు ఎలా కోసుకుంటాడో అతనిష్టం, పలకలకా, వెనీర్ పొరకా అన్నది వాళ్ల పని. పైగా లోపల డొల్ల ఉంటే కోసిన రోజే అది మీ నష్టం అవుతుంది. జిట్రేగితో వస్తువులు చేసి విదేశాలకి పంపేవాళ్లకి కలప ఎక్కడిదో రుజువు కావాలి, 2017 జనవరి నుంచి జిట్రేగీ, దాని దగ్గరి జాతులు దాదాపు అన్నీ, అరుదైన జాతుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం సైటెస్ రెండో అనుబంధంలోకి వచ్చాయి. కాగితం ఉన్న దుంగ వాళ్లకి అమ్మండి, లేనిది వాళ్లు ముట్టుకోరు.

రూపాయల్లో రేటు ఇక్కడ చెప్పను, ఊరు ఊరికీ నెల నెలకీ మారేదాన్ని రాస్తే మీకు చేటే. రాజమండ్రిలో రెండు, కాకినాడలో ఒక అడితిలో కొనేవాడిలా వెళ్లి, ఎనిమిదడుగులు, ఎనిమిదంగుళాల వెడల్పు, కణుపు లేని టేకు పలక జీఎస్టీ కాక ఘనపుటడుగు ఎంత అని అడగండి. ఆ రేటుని 100 అనుకోండి. ఏడున్నర అడుగులు దాటి, వెడల్పుండి, మచ్చలేనివి 100. గుమ్మం నిలువు కమ్మీకి ఏడడుగులు కావాలి కాబట్టి ఆ గీత అంత ముఖ్యం. కణుపులున్నవి, అయిదారడుగులవి 70. నాలుగడుగుల లోపు ముక్కలు 40. పుచ్చు, మేకులు, పెద్ద బీటలున్నవి 15. ఇవి నా అంచనాలే, మీ అడితివాళ్లు అటూఇటూ చెప్పొచ్చు.

లెక్క తేలికకి నికరం 280 ఘనపుటడుగులూ టేకే అనుకుందాం: మొదటిరకం 90, రెండోరకం 110, ముక్కలు 60, పాడైనవి 20. లెక్క కడితే 9,000, 7,700, 2,400, 300, మొత్తం 19,400. సగటు అడుగుకి 69. ఇదే వలలో పడే చోటు. మీరు అన్నింటికీ 69 అని ఒకే రేటు చెప్తే, వచ్చినవాడు సరే అని మొదటిరకం 90 అడుగులు మాత్రం ఎత్తుకుపోతాడు. 9,000 సరుకు 6,200కి పోయింది, మీ దగ్గర మిగిలినదాని సగటు 55కి పడిపోయింది. తర్వాత వచ్చినవాడికి ఆ షెడ్డు చూడగానే ఏరేసిన సరుకని తెలిసిపోతుంది. అందుకని ముందే రెండు రేట్లు: ఏరుకుంటే రకం రేటు, మొత్తం ఎత్తితే తగ్గింపు. అడితి రేటులో కూలి, గోడౌను, కోత నష్టం, నెలల తరబడి ఇరుక్కునే పెట్టుబడి, లాభం అన్నీ ఉంటాయి. కాబట్టి మొత్తం లాటుకి ఆ 19,400లో 55, 60 శాతం వస్తే మంచి బేరమే. మీకు వచ్చిన గుండుగుత్త మొత్తం ఈ లెక్కలో 40 శాతం దాటకపోతే నవ్వి ఊరుకోండి.

ఎవరికి చెప్పాలి అంటే, ఒక్క అడితి వ్యాపారులకే కాదు. గుమ్మాలు, తలుపులు చేసే ఆచారులు ఏడెనిమిది మంది కలిసి పంచుకుంటారు. రథాలు, గుడి తలుపులు చేయించే కమిటీలకి పన్నెండడుగులు దాటిన దూలాలు కావాలి, వాటిని పొరపాటున కూడా ముక్కలు కోయించకండి. వంపు తిరిగిన మందపాటి దిమ్మ తలుపువాడికి దండగ, తాళ్లరేవు వైపు పడవలు కట్టేవాళ్లకి అదే కావాలి. కాలం కూడా చూసుకోండి. ఆషాఢం, భాద్రపదం, పుష్యంలో గుమ్మం ఎత్తరు కాబట్టి అడిగేవాళ్లు ఉండరు. సంక్రాంతికి ఊరొచ్చినవాళ్లు మాఘం ముహూర్తాలకి కలప చూసుకుంటారు, దాళ్వా డబ్బులు చేతికొచ్చే వైశాఖం ఇంకో మంచి సమయం.

అమ్మకం రోజు కొలత మీ షెడ్డులోనే, లారీ ఎక్కకముందే జరగాలి. మా మిల్లులో కొలుద్దామండి అంటే ఒప్పుకోవద్దు, అక్కడ టేపు వాళ్లది, పలక తిప్పేవాడూ వాళ్లవాడే. చిట్టా మీద ఇద్దరూ సంతకం పెట్టాలి. ఎక్కింపు కూలి ఎవరిదో ముందే అనుకోవాలి. డబ్బు మీ ఖాతాలో పడ్డాక తాళ్లు బిగించాలి. అడితి రిజిస్ట్రేషను ఎప్పుడో రద్దయి ఉంటే బిల్లు, ఈ-వే బిల్లు ఎవరి పేర రావాలో ఆడిటర్‌ని ఒకసారి అడగండి.

అప్పటిదాకా సరుకుని నేల మీంచి అడుగున్నర ఎత్తులో, రెండేసి అడుగులకి ఒక సన్న బద్ద అడ్డంపెట్టి పేర్చి, గాలి ఆడనివ్వండి. ప్లాస్టిక్ పట్టా బిగించి కప్పితే లోపల చెమట పట్టి బూజొస్తుంది. చెదకని వాడేసిన ఇంజన్ ఆయిల్ పూయడం మన వైపు మామూలే గానీ, ఆ మరక చిత్రికకి పోదు, పాలిష్ పట్టదు. ఫర్నిచర్ చేసేవాడు దగ్గరకి కూడా రాడు. 1986 గోదావరి వరదకి ముందు సరుకు కూడా అందులో ఉంటే బీటల్లో ఒండ్రు మట్టి గట్టిపడి ఉంటుంది. దాన్ని చిత్రిక మిషన్లో పెట్టారంటే బ్లేడు మొండిబారి మిల్లువాడు దాని డబ్బు మీ దగ్గరే వసూలు చేస్తాడు. ఇనుప బ్రష్షుతో గీకించి, అయస్కాంతంతో మేకులు వెతికించాకే నమూనా పలకలు రెండు చిత్రిక పట్టించి, వచ్చేవాళ్లకి చూపించడానికి గుమ్మం దగ్గర నిలబెట్టండి.